ఒకే దండ, రెండు మెడలు

ఆ పొద్దున లోక్‌సభ మొదలయ్యే వేళకు కొంచెం ముందే మా పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెద్దబాపు పోయిండు బిడ్డా. టీవీ ముంగట కూసున్నోడు కూసున్నట్టే పోయిండు. సభ ఇంకా షురూ గూడ కాలే" అంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. దాని వెనకాలే, ఆపుకోలేకుండా, చిన్న నవ్వు కూడా వచ్చింది. పార్లమెంటు సమావేశాలు జరిగే రోజుల్లో ఆయన పెందలాడే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తానే సభ్యుడైనట్టు టీవీ ముందు హాజరయ్యేవారు. ఆ రోజూ అలాగే హాజరయ్యారు.

ఆయన మా నాన్నకు అన్న. ఆర్మూర్ దగ్గర మా మండలంలో ఏళ్ల తరబడి పార్టీ అధ్యక్షుడు. ఎన్నికల్లో ఎప్పుడూ నిలబడలేదు. ఎందుకు నిలబడలేదని అడిగితే, "అందరు నిలవడితే కుర్చీలు ఎవరెయ్యాలె?" అనేవారు. మీటింగు ఎక్కడైనా సరే, ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టాలో ఆయనే చూసేవారు. నేను డిచ్‌పల్లి యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చెబుతాను. ఆ పాఠాలకు సగం ఉదాహరణలు మా పెద్దబాపు దగ్గర నుంచి తెచ్చుకున్నవే.

లోక్‌సభ, అసెంబ్లీ ఒకేసారి జరిగితే ఇక ఆ ఇంట్లో మనశ్శాంతి ఉండేది కాదు. రిమోట్‌తో అటు ఢిల్లీకి, ఇటు హైదరాబాద్‌కి తిరుగుతూ, మా సభ్యులు మాట్లాడుతుంటే టీవీతో గట్టిగా మాట్లాడేవారు. "సార్, జర మైకు దగ్గరికి జరుగు! అరె, గా కాగితం సూడకు, మొకం సూడు!" అని అరిచేవారు. పెద్దమ్మకు సీరియల్ పోయినందుకు కోపం. "వాళ్లకు ఇనవడుతదా? నీ గొంతు నాకే ఇనవడుతది" అనేది.

అలాంటి మనిషికి ఒకసారి పెద్ద చిక్కు వచ్చి పడింది. మా ఎంపీ గారు లోక్‌సభలో పార్టీ పక్ష నాయకుడయ్యారు. కొద్ది నెలలకే మా ఎమ్మెల్యే గారు అసెంబ్లీలో శాసనసభాపక్ష నాయకుడయ్యారు. ఒకే పార్టీ, ఒకే ప్రాంతం, రెండు సభల నాయకత్వమూ మాదే. లడ్డూలు పంచుకున్నాం. ఆ తీపి నాలుక మీద ఆరకముందే, ఇద్దరిలో పెద్ద ఎవరన్న పేచీ మొదలైంది. ఒకరున్న వేదిక మీదికి మరొకరు ఎక్కడం మానేశారు.

మా వాళ్లకు ఆ పేచీతో పనిలేదు, పనల్లా కల్లంతోనే. ఊరి చివర అందరూ కలిసి పసుపు ఎండబోసుకునే నేల అది. ఉడికించిన కొమ్ములు రోజుల తరబడి ఎండాలి. మధ్యలో అకాల వాన పడిందా, రంగు నల్లబడి, ఏడాది కష్టం మట్టిలో కలిసినట్టే. కుప్పలు లోపలికి నెట్టుకోవడానికి ఒక రేకుల షెడ్డు ఉంటే చాలు. జాగా ప్రభుత్వానిది కాబట్టి ఎమ్మెల్యే ఇప్పించాలి. నిధులు ఎంపీ ఇవ్వాలి. ఆయన ముందు మాటిస్తే నేనూ ఇస్తానని ఇద్దరిదీ ఒకటే పాట.

ఒక ఏడు వానకు సగం కల్లం తడిసిపోయింది. రైతులు మా పెద్దబాపు వాకిట్లోకి వచ్చారు. అందులో ఒకాయన, "ఇద్దరు నాయకులున్నరు అధ్యక్షా, ఒక్క రేకు లేదు. వచ్చే పంట దాక సూస్తం. గప్పటికి గూడ షెడ్డు రాకుంటే పార్టీ కండువాలు నీ దండెం మీద ఏసి పోతం" అన్నాడు. ఆయన ముఖం వాడిపోవడం నేను చూశాను. ఊరిలో పార్టీ అంటే ఆయనకు ఆ వాకిట్లోని మనుషులే.

మా వైపు నాయకులకు పసుపు కొమ్ముల దండ వేయడం ఆనవాయితీ. మొదటి దండ ఎవరి మెడలో పడితే వాళ్లే పెద్ద. మీటింగు పెడతానంటే ఇద్దరూ ఫోన్ చేసి అడిగింది అదొక్కటే, "ముందుగాల ఎవరికి ఏస్తున్నవ్?" అని. పెద్దబాపు రెండు రోజులు ఆలోచించి, ఇద్దరికీ ఒకటే జవాబు చెప్పారు: "నీకంటె ముందుగాల ఎవ్వరికి ఎయ్య సార్." అబద్ధం కాదు. ఇద్దరి మెడలోనూ ఒకేసారి పడేలా ఒకే పొడుగు దండ కట్టించారు. మా వాడలో బీడీలు చుట్టే ఆడవాళ్లు కూర్చుని, తెగకుండా నైలాన్ దారంతో గుచ్చారు.

కొలత దగ్గరే పొరపాటు జరిగింది. వాకిట్లో తాను, పెద్దమ్మ పక్కపక్కన నిలబడి కొలిపించారు. ఇద్దరూ బక్కపలచని మనుషులు. నాయకులిద్దరిదీ మంచి పుష్టి. ఆ జవాబు నమ్మి ఇద్దరూ కల్లంలో వేదిక ఎక్కారు. దండ వేయగానే ఇద్దరి చెంపలూ అతుక్కుపోయాయి. కదిలితే కొమ్ములు గుచ్చుకుంటున్నాయి. ఒకరు వంగితే రెండోవారూ వంగాల్సిందే. తెల్లబట్టలకు పసుపు పొడి అంటుకుని ఇద్దరూ పెళ్లి నలుగుకు కూర్చున్నట్టున్నారు. జనం ఈలలు వేశారు.

"ఇదేం దండయ్యా, ఊపిరాడుతలేదు, తీయించు!" అన్నారు ఎంపీ గారు.

పెద్దబాపు ముందు నిజంగానే బిత్తరపోయారు. వెంటనే తేరుకుని మైకు అందుకున్నారు. "కత్తెర ఇంటికాడ ఉంది సార్. మా ఆమె తెచ్చేదాంక జర ఓపిక పట్టుండ్రి. గీ లోపల, జాగ ఇస్తనని ఒకరు, నిధులు ఇస్తనని ఒకరు అంటే, రైతులు ఖుషీగ ఇంటికి పోతరు."

కల్లం నిండా జనం చప్పట్లు కొట్టారు. ముందు నవ్వింది ఎమ్మెల్యే గారు. పొట్ట కదిలితే దండ కదిలింది, దాంతో ఎంపీ గారికీ నవ్వు తప్పలేదు. "అన్నా, ఇద్దరం ఒక్కసారే అందాం తియ్యి" అన్నారు ఎమ్మెల్యే గారు. ఒక్కసారే అన్నారు. మైకు ఒకటే కాబట్టి ఎవరి గొంతు ముందో ఎవరికీ తెలియలేదు.

ఆ తర్వాత వాళ్లు మళ్లీ పోట్లాడుకోలేదని చెప్పను. కానీ అంతమంది ముందు ఇచ్చిన మాట, వెనక్కి తీసుకోవడానికి ఇద్దరికీ మొహం చెల్లలేదు. మరుసటి పంటకు షెడ్డు లేచింది. ఆ కొలత కావాలనే తీసుకున్నారా అని నేను ఎన్నిసార్లు అడిగినా, "నీ తోడు బిడ్డా, పొరపాటే. ఢిల్లీల మాట్లాడెటోడు, హైదరాబాద్‌ల మాట్లాడెటోడు ఒక్కతాన నిలవడితే ఏదన్న అయితదని మాత్రం ఎరుకే" అనేవారు. పార్టీల గురించి నేను చదివిందంతా ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. ఆయనకు తమ్ముడి కూతురుగా పుట్టడం నా అదృష్టం.

ఆఖరి చూపుకు ఇద్దరు నాయకులూ వచ్చారు. వాకిట్లో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పే మనిషి లేక, కాసేపు ఇద్దరూ అలా నిలబడిపోయారు.

దినాలు అయ్యాక తిరిగి వస్తుంటే కల్లం దగ్గర వాన పట్టుకుంది. షెడ్డులోకి పరుగెత్తాను. పసుపు కుప్పలన్నీ లోపలే ఉన్నాయి. రేకుల మీద వాన చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. ఒక అవ్వ తన కుప్పకు తల ఆనించి, నోరు కొద్దిగా తెరిచి, హాయిగా నిద్రపోతోంది. ఉరుము ఉరిమింది. ఆమె పక్కకు ఒత్తిగిలి, కొంగు ముఖం మీదికి లాక్కుని, మళ్లీ పడుకుంది.