నీళ్ళలో ఉండిపోయిన నైలాన్ బుష్షులు

నాకు బడి చదువు లేదు. మేము జనగామలో ఉన్నప్పుడు అరవై తొమ్మిది ఉద్యమం వచ్చి బడులు మూతపడ్డాయి. మళ్ళీ తెరిచాక మా వాడలో పిల్లలంతా వెళ్ళారు కానీ నన్ను మా బాపు పంపలేదు. ఇంట్లోనే కూర్చోబెట్టుకుని చదవడం, రాయడం, లెక్కలు నేర్పారు. ఆ నేర్పు లేత్ మిషన్ దగ్గర అక్కరకొస్తుందని ఆయన అనుకుని ఉండరు. అయినా రోజూ దీపం పెట్టేటప్పుడు ఆయనను తలుచుకుంటాను.

మా ఆయన టర్నర్, లేత్ మీద ఇనుము కోసి మలిచే పని. జనగామలో ఒక మేస్త్రీ దగ్గర చాలా ఏళ్ళు పనిచేసి, ఎనభైల మొదట్లో మానుకోటలో, అంటే మహబూబాబాదులో, రేకుల షెడ్డు వేసి ఒక పాత లేత్ మిషన్ పెట్టుకున్నారు. చేతి పనిలో ఆయన దిట్ట. రాత మాత్రం రాదు. ఆయన కొలతలు చెబితే నోటుబుక్కులో నేను రాసేదాన్ని. పోను పోను వెర్నియర్ అనే సన్న గీతల కొలబద్దతో కొలవడం కూడా వచ్చింది.

షెడ్డు పెట్టిన రెండో ఏడు పని పలచబడింది. జనగామ మేస్త్రీ నుంచి ఉత్తరం వచ్చింది. మిషన్ అమ్మేసి వచ్చేయమని, పాత చోటు అలాగే ఉందని. మా ఆయన ఆ ఉత్తరం నాతో రెండుసార్లు చదివించుకున్నారు. నెల్లికుదురు దారిలోని ఉప్పుడు బియ్యం మిల్లు పని మాకు కుదిరితే ఇక్కడే ఉందామని, లేకపోతే వెళ్ళిపోదామని అన్నారు. ఆ మాట అంటూ ఆయన నా వైపు కాక మిషన్ వైపు చూశారు.

ఆ మిల్లులో వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తారు. తడి వడ్లను తోసుకుంటూ పోయే పొడవాటి మర ఒకటి ఉంటుంది. దాని షాఫ్టు, అంటే ఇరుసు, తిరగడానికి గన్ మెటల్ అనే లోహంతో చేసిన ఉంగరాల్లాంటి బుష్షులు తొడుగుతారు. వాటికి నూనె పెట్టాలి, ఆ నూనె కారి బియ్యానికి మరకలు పడుతున్నాయి. నైలాన్ బుష్షులైతే నూనె అక్కరలేదని మిల్లు యజమాని పటేలు హైదరాబాదులో ఎవరి దగ్గరో విని, నైలాన్ కడ్డీ ఒకటి తెప్పించి పంపారు.

నాకు తెలిసిన నైలాన్ చీర ఒక్కటే. ఇది చూస్తే మీగడ రంగులో, చేతికి జారుతూ, బరువే లేనట్టు ఉంది. గన్ మెటల్ చేసే పని ఇది చేస్తుందంటే నమ్మకం కుదరలేదు. మా ఆయన లేత్ మీద పెట్టి కోస్తుంటే రవ్వలు రాలలేదు, తెల్లటి దారం తెగకుండా సాగుతూ వచ్చింది. పూలు కట్టడానికి పనికొస్తుందేమోనని కొంచెం తీసుకున్నాను. ముడి నిలవలేదు.

గన్ మెటల్‌కు షాఫ్టు చుట్టూ ఎంత సందు వదులుతారో అంతే వదిలి నాలుగు బుష్షులు చేసి ఇచ్చారు. నాలుగు రోజులు బాగా తిరిగాయట. ఐదో రోజు షాఫ్టు పట్టేసి, మర ఆగిపోయి, నానిన వడ్లు తొట్టిలోనే పులిసిపోయాయి. మిల్లులో ఫిట్టరుగా ఉన్న పెద్దాయన, మేము చిచ్చా అని పిలిచేవాళ్ళం, బుష్షును దాని ఇనుప గూడుతో సహా ఊడదీసి సైకిల్ మీద తెచ్చారు.

"ఏంది బిడ్డా, నీ పెనిమిటి షాఫ్టుకు బుష్షు చేసిండా, బిరడా చేసిండా?"

మా ఆయన నవ్వలేదు. గూట్లో ఉన్న బుష్షు లోపలి కొలత తీశారు. నోటుబుక్కులో నేను రాసిన దానికంటే తక్కువ ఉంది. తప్పు రాశావా అని నన్ను అడగలేదు. అడిగితే బాగుండేదనిపించింది. తన చేతి వైపే చూసుకున్నారు. ఇంకొక్కసారి చూస్తానని పటేలు కబురు పంపారట. మిగిలిన కడ్డీ నాలుగు బుష్షులకే సరిపోతుంది.

ఆ నాలుగూ మా ఆయన ఊపిరి బిగబట్టి చేశారు. ప్రతి కొలతా ఇద్దరం చూసి రాసుకున్నాం. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త పని ఏది చేసినా పసుపు నీళ్ళతో కడిగి, నరసింహస్వామి పటం ముందు పెట్టి ఇస్తాం. ఇనుప వస్తువైతే తుప్పు పడుతుందని వెంటనే తుడిచేస్తాను. దీనికి తుప్పు భయం లేదు కదా అని ఇత్తడి గిన్నెలో పసుపు నీళ్ళు పోసి, నాలుగింటినీ అందులోనే ఉంచి, దండం పెట్టుకున్నాను. మర్నాడు తీద్దామనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మా ఆయన ఒక కట్టెల కోత మిషన్ బాగుచేయడానికి భూపాలపల్లి వెళ్ళారు. ఆయన అటు వెళ్ళగానే నేను బయట చేరాను. ఆ రోజుల్లో దేవుడి అర్ర గడప తొక్కేదాన్ని కాదు. ఇంట్లో ఇంకెవరూ లేరు. గిన్నె అలాగే ఉండిపోయింది.

ఐదో రోజు తలకు పోసుకుని అర్రలోకి వెళ్ళేసరికి మా ఆయన వచ్చేశారు, బుష్షుల కోసం చిచ్చా కూడా వచ్చి కూర్చున్నారు. గిన్నెలోంచి తీసి తుడిచి ఇచ్చాను. చిచ్చా తెచ్చిన గూట్లో పెట్టబోతే బుష్షు దూరలేదు. వెర్నియర్ పెట్టి చూశాను.

"సరిగ్గ సూడు," అన్నారు మా ఆయన.

"సూసిన. మూడు గీతలు ఎక్కువున్నది."

ఆయన తీసుకుని చూశారు. నాలుగూ చూశారు. తరువాత ఎంతో మెల్లగా, "నా చెయ్యే పోయింది. ఇగ జనగామకే పోదాం," అన్నారు.

మైల రోజుల్లో దేవుడి ముందున్న వస్తువు కాబట్టి ఇలా అయిందా? నా వల్లే ఆయన చెయ్యి చెడ్డదైపోతోందా? చెప్పకుండా ఉండలేకపోయాను.

"అయిదొద్దులు నీళ్ళలనే ఉన్నయి. నేను తియ్యలే."

"నీళ్ళల్ల ఉంటే ఏమైతది? నీ నైలాన్ చీర పిండంగనే ఆరదా? అది నీళ్ళు తాగుతదా?"

ఆ మాట నిజమే. చిచ్చా మాత్రం బుష్షును అరచేతిలో తిప్పుతూ ఉన్నారు.

"వడ్లు నానితె ఉబ్బయారా?"

"అవి గింజలు చిచ్చా. గిది ప్లాస్టిక్."

"ఏదైతేంది. మా మిల్లుల దినాం సూస్తం. నానేటప్పుడే ఉబ్బుడు. తాగేటంత తాగినంక ఇగ ఉబ్బుడుండదు. మొన్నటియి మా తడిల పడి ఉబ్బినయేమో. గూడు గట్టిగ పట్టుకున్నది, బయటికి ఉబ్బ జాగ లేక లోపలికి ఉబ్బి షాఫ్టును పట్టినయేమో. గీ తాగినదాన్నే మల్ల కొలత పెట్టి కొయ్యి."

మా ఆయన నమ్మారో లేదో తెలియదు. వేరే కడ్డీ లేదు కాబట్టి కోశారు. లోపల సందు కూడా ఈసారి కొంచెం ఎక్కువ వదిలారు. చిచ్చా వాటిని తడిగుడ్డలో చుట్టుకుని తీసుకెళ్ళారు.

ఆ తరువాత ఐదో రోజంతా రోడ్డు మీద సైకిల్ గంట వినబడితే చాలు లేచి నిలబడ్డాను. ఎవరూ రాలేదు. పదో రోజూ రాలేదు. నెల దాటాక చిచ్చా వచ్చి, బుష్షులు బాగానే తిరుగుతున్నాయని, ఇంకో మరకు కూడా చేయమన్నారని చెప్పి, కొత్త కడ్డీ దించారు. మా ఆయన ఆ కడ్డీని ముక్కలుగా కోసి నా చేతికిచ్చి, నీళ్ళలో వేయమన్నారు. గిన్నెలో వేయాలా బకెట్‌లో వేయాలా అని అడిగాను. ఎందులోనైనా పర్వాలేదన్నారు, కాసేపాగి గిన్నెలోనే వేయమన్నారు.

నీళ్ళు పనిచేశాయా, సందు ఎక్కువ వదలడం పనిచేసిందా, స్వామి దయా, ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ ఐదు రోజులు తప్పో మేలో కూడా తెలియదు. ఎవరికి దండం పెట్టాలో తెలియక స్వామికీ, చిచ్చాకూ కలిపే పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం జనగామ మేస్త్రీకి జవాబు రాయడానికి కూర్చున్నాను. క్షేమం రాసి, రాలేకపోతున్నామని రాసి, ఎందుకో రాయబోయి ఆగిపోయాను. జరిగింది రాస్తే ఆయన నమ్మరు. నాకే సరిగా అర్థం కాలేదు. ఏం రాయాలని మా ఆయనను అడిగాను.

ఆయన మిషన్ తుడుస్తూ, "పనున్నదని రాయి," అన్నారు.

అదే రాశాను.