మామగారి మోచెయ్యి

మా మామగారు సముద్రాన్ని మోచేత్తో చూస్తారు. పసిపిల్లకి నీళ్ళు పోసే ముందు చూసినట్టు, తెల్లవారుతుండగా మోకాల్లోతు దిగి మోచెయ్యి ముంచుతారు. తాళ్ళు లాగి లాగి అరచేతులు మొద్దుబారాయి, వాటికి వేడీ చలీ తెలియవు. నీళ్ళు చల్లగా ఉంటే కవ్వళ్ళు, అంటే మేం పట్టే చిన్న చేపలు, దగ్గర్లో ఉన్నట్టు. వెచ్చబడితే అవి చల్లదనం వెతుక్కుంటూ లోపలికి పోతాయి. ఆ రోజు మా పడవ కదలదు, మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటారు. నేను కోడలిగా వచ్చేనాటికి ఇదే పద్ధతి.

మాఘం వెళ్ళాక దక్షిణం నుంచి వెచ్చని ప్రవాహం మా తీరం వెంబడి పైకి రావడం ఎప్పుడూ ఉన్నదే. ఇదివరకు వచ్చి వెళ్ళిపోయేది. ఈమధ్య తిష్ట వేసుక్కూర్చుంటోంది. రాత్రిళ్ళు ఉక్కపోతకి నిద్ర పట్టడం లేదని అమలాపురం సంతలో ఎండుచేపలు కొనేవాళ్ళు నాకు చెప్పుకుంటారు, అదేదో నా చేతిలో ఉన్నట్టు. రోజూ వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటే ఇల్లు గడవదు. అందుకని నీళ్ళు వెచ్చబడ్డ రోజున మా ఆయన ఒడ్డు కనబడనంత దూరం పోవడం మొదలుపెట్టారు. మాది చిన్న పడవ. వెచ్చని సముద్రం మీద గాలివాన ఎంత తొందరగా ముదురుతుందో మా ఊళ్ళో అందరం చూసినవాళ్ళమే. నాకు భయంగా ఉండేది.

ఆ తర్వాత మామగారు కొడుకుతో రోజూ ఒకే మాట అనేవారు.

"చల్లగానే ఉన్నాయిరా. దగ్గర్లోనే వేసుకో."

మా ఆయన దగ్గర్లోనే వేసేవారు. వలలోకి నాచూ, కాసిని పీతలూ వచ్చేవి. ముసలాయనకి మోచెయ్యి కూడా మొద్దుబారిందని మరిది ఎగతాళి చేశాడు. నాకూ అనుమానం వచ్చింది. ఓ పొద్దున్న గంప కడుక్కునే వంకతో వెళ్ళి నా మోచెయ్యి ముంచాను. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. తల తిప్పేసరికి మామగారు నన్నే చూస్తున్నారు. చూపు దించుకున్నారు. ఆయన మోచేతికి ఏ లోపమూ లేదని, కొడుకుని దూరం పోనివ్వకూడదనే అలా చెబుతున్నారని అప్పుడు అర్థమైంది.

ఇంతలో మా ఆయన డీజిల్ డబ్బా మోసుకుంటూ వచ్చారు. తండ్రిని అడగలేదు, తడిసిన నా మోచెయ్యి చూసి నన్ను అడిగారు.

"నువ్వు చూసేవు కదా. ఎలా ఉన్నాయి?"

డబ్బా నిండుగా ఉంది, దూరం పోవడానికి సరిపడా.

"ఆయ్, చల్లగానే ఉన్నాయండి," అన్నాను.

మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చారు. వల ఖాళీ. రేపు కూడా నీళ్ళు నన్నే చూసి చెప్పమన్నారు. సరేనన్నాను.