పత్తర్‌గట్టిలో పోలింగు పెట్టొచ్చా?

మధ్యాహ్నం రెండింటికి మా పదిమందిని పత్తర్‌గట్టిలో లారీ దించింది. మనిషికి ఒక రైఫిలు, ఇరవై తూటాలు, ఒక కంబళి. ఆ ఎండల్లో కంబళి ఎందుకో ఎవరూ చెప్పలేదు. అవి ముప్పైల చివరి రోజులు. నేను సర్కారు ఫౌజులో నాయక్‌ని, ఆ పదిమందికి పెద్దని.

మత కలహాలు ఆగి నెలైంది. గల్లీకి అటు హిందువులు, ఇటు ముసల్మానులు. మధ్యలో మా ఇసుక బస్తాలు. పన్నెండు రోజుల్లో బల్దియా, అంటే మునిసిపాలిటీ, ఎన్నిక. రోజూ వార్డంతా తిరిగి, సాయంత్రం ఐదింటికి నయాపూల్ చౌకీకి ఫోన్ చేసి, పోలింగు పెట్టొచ్చో లేదో చెప్పాలి.

మొదటి రోజు "పెట్టొచ్చు సాబ్" అన్నాను.

"గట్లయితే మీరెందుకు ఆడ? రేపే వాపస్ రాండ్రి," అన్నాడు చౌకీలో ఫోనెత్తిన మా పై అధికారి, జమేదారు.

"మేముంటెనే పెట్టొచ్చు సాబ్."

"గా మాట రాసే ఖానా కాయితంల లేదు. పెట్టొచ్చా, వద్దా? ఒక్క మాట చెప్పు."

రోజూ ఇదే గొడవ. నా జవాబు ఆయన రాసుకోడు. ఆయన అడిగిన ఒక్క మాట నేను చెప్పలేను.

పాలమ్మే మల్లయ్య రోజూ పొద్దున్నే నన్ను పట్టుకునేవాడు. "ఏందన్నా, ఓటున్నదా లేదా? మోరీ మురుగు ఇంట్లకొస్తున్నది. గెలిచినోడన్న తీపిస్తడు." గల్లీకి ఇటువైపు గడియారాలు బాగుచేసే కరీం సాబ్‌దీ అదే ప్రశ్న. "నల్లాల నీళ్లు బంద్ అయ్యి రెండు నెలలాయె భాయ్."

పదకొండో రోజు కరీం సాబ్ దుకాణం అద్దం మీద రాయి పడింది. ఎవరు వేశారో తెలియలేదు. పెట్టొచ్చంటే మమ్మల్ని వాపస్ పిలుస్తారు; మేం లేకపోతే రెండో రాయి ఎక్కడ పడుతుందోనని భయమేసింది. ఆ సాయంత్రం ఫోన్‌లో "వద్దు సాబ్" అన్నాను.

"షాబాష్! గిదే ముందుగాల చెప్పొద్దా?"

ఎన్నిక రద్దయింది. ఆ సంగతి వార్డులో ఎవరికీ చెప్పలేదు.

తెల్లారి, ఎన్నిక జరగాల్సిన రోజున, ఏడింటికి పోలింగు పెట్టాల్సిన బడి ముందు కాపలా ఉన్నాను. తలుపుకు తాళం. మల్లయ్య, కరీం సాబ్ ఉతికిన బట్టల్లో పక్కపక్కనే నడిచి వచ్చారు.

"ఇద్దరు కలిసి ఎట్ల వచ్చిండ్రు?"

"ఒక్కన్ని రావాలంటె భయమైంది," అన్నాడు మల్లయ్య. "ఈయనకూ గట్లనే ఉండె. అందుకే పిలుచుకొచ్చిన."

నెలకు పైగా ఎవరూ దాటని గల్లీని వాళ్లు దాటి వచ్చారు. ఎన్నిక లేదని చెప్పాను.

"ఎవరు వద్దన్నరు?"

"పైనుంచి హుకుం," అన్నాను. నేనే అన్నానని చెప్పడానికి నోరు రాలేదు.

ఎన్నికే లేనప్పుడు కాపలా ఎందుకని మధ్యాహ్నం లారీ మమ్మల్ని మా మకాం ఛావునీకి తీసుకుపోయింది. తర్వాత వేరే చోట్ల కాల్పులూ చూశాను. అవి చాలావరకు మరిచిపోయాను. ఆ పొద్దున నా మాట నమ్మక, మల్లయ్య మెట్లెక్కి ఆ తాళాన్ని రెండుసార్లు లాగి చూశాడు. అదొక్కటే మనసులోంచి పోలేదు.