కారుకు కట్టిన నెట్టు

మా ఇల్లు నల్లగొండ అయిపోయి గుట్ట మొదలయ్యే చోట ఉంది. ప్లాటు అమ్మినాయన "గుట్ట చాటు సార్, ఎండ తగలది" అన్నాడు. ఎండ సంగతి మొదటి వేసవిలోనే తేలిపోయింది. ఆ గుట్ట ఆపగలిగింది ఒక్క సెల్‌ఫోన్ సిగ్నల్‌నే. ఫోన్ మాట్లాడాలంటే డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకును ఎడమ చేత్తో కౌగిలించుకుని, కుడి చెవిని హైదరాబాద్ దిక్కుకు తిప్పి నిలబడాలి. ఏళ్ల తరబడి అలా నిలబడ్డందుకు నా మెడ ఇప్పటికీ కాస్త వాయవ్యానికి వాలి ఉంటుంది. గ్రూపు ఫొటోల్లో నేనొక్కణ్నే పక్కింటి ఫొటోలోకి తొంగి చూస్తున్నట్టు పడతాను.

అందుకే నెట్టు వైరు వేయించాం. నేను ఇంట్లో కూర్చుని పత్రికలకు నవ్వు రాతలు రాస్తాను. రాసింది పంపాలి, అది చేరిందో లేదో గంటకోసారి చూడాలి, చేరితే జవాబెందుకు రాలేదో అరగంటకోసారి చూడాలి. మా ఇంట్లో జీతం నా భార్యది, హడావుడి నాది. ఆమె సర్కారు బడిలో టీచరు. అప్పటి ఆమె బడి దేవరకొండ దాటి, ఇక ఊళ్లు లేవులే అనుకున్న తర్వాత వచ్చే ఊళ్లో ఉంది. రెండు బస్సులు, ఒక ఆటో. ఎనిమిదేళ్లుగా ఆమె నాలుగున్నరకే లేచేది. మా వీధి కోళ్లు ఆమె పోపు చప్పుడు విని, అయ్యో ఆలస్యమైందే అని కంగారుగా కూసేవి.

ఆ బస్సుల బాధ తప్పిద్దామనే కారు కొన్నాను. జడ్చర్లలో మందుల కంపెనీలో పనిచేసే ఒకాయన దగ్గర పాతది దొరికింది. తాళాలు నా చేతిలో పెడుతున్నప్పుడు ఆయన ముఖంలో వెలిగిన సంతోషాన్ని నేను మంచితనం అనుకున్నాను. కల్వకుర్తి దాకా అది నన్ను తెచ్చింది. అక్కడి నుంచి నల్లగొండకు దాన్ని నేను తెచ్చాను, ఒక టమాటల లారీ వెనక తాడు కట్టించి.

దాని గుణగణాలు చెప్పాలంటే ఒక పురాణం అవుతుంది. ఎడమ తలుపు లోపలి నుంచే తెరుచుకునేది, కుడి తలుపు బయటి నుంచే. కాబట్టి ఎప్పుడూ ఒకరు బండిలో ఉండాలి, ఒకరు బయట ఉండాలి. స్టీరింగ్ ఎడమకు తిప్పితే తప్ప హారన్ మోగేది కాదు. పెట్రోలు ముల్లు ఎప్పుడూ సగం మీదే నిలిచేది. నిండా పోసినా సగమే, ఎండిపోయినా సగమే. అంత నిబ్బరం మా చుట్టాల్లో ఎవరికీ లేదు. అయినా వారంలో రెండు మూడు రోజులు ఆమెను బడి దాకా దింపేది. ఆ రోజుల్లో ఆమె ఆరింటికి లేచేది. కోళ్లు కూడా పడుకునేవి.

ఒక దసరాకు నాలుగు రోజుల ముందు కారు మా గేటు పక్కన ఆగి, ఇక లేవలేదు. మాకు తెలిసిన మెకానిక్ అరవై దాటిన పెద్దమనిషి, ఊరంతా చాచా అంటుంది. ఆయన బానెట్ తెరిచి, లోపల చేయి పెట్టి, నాడి చూసిన వైద్యుడిలా తల ఊపాడు.

"ఫ్యూయల్ పంపు పోయింది సార్. గీ మోడలే బందైంది. పాత బండ్లల్ల వెతకాలె. దొరికేదాంక జర ఓపిక వట్టుండ్రి."

"ఎన్ని రోజులు చాచా?"

"రోజులల్ల అడుగుతున్నరా సార్?" అని జాలిగా నవ్వి పాత పంపు తీసుకుని వెళ్లిపోయాడు.

దసరానాడు నా భార్య ఆ కదలని బండికి కూడా పసుపు, కుంకుమ పెట్టి, దండ వేసి, నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టింది. పూజయ్యాక బండి వాటిని తొక్కి ముందుకు పోవాలి కదా, ఇది ఎట్లా పోతుంది అన్నాను.

"లేసిననాడు తొక్కుతది. నువ్వైతే వాటిని ముట్టకు," అంది.

నేను ముట్టలేదు. అవి పచ్చబడి, నల్లబడి, ఎండి, గోలీల్లా గట్టిపడ్డాయి. చీమలు కూడా వచ్చి చూసి, మా వల్ల కాదని పోయాయి.

పండుగ పోయిన వారానికి పక్క ప్లాటులో బోరు వేయడానికి లారీ వచ్చింది. అది మా వీధిలో వెనక్కి తిరగడం ఏనుగు అగ్గిపెట్టెలో పొర్లినట్టే. మా నెట్టు వైరును మోసే ఇనుప పైపును పడగొట్టి పోయింది. నేను డాబా ఎక్కి, ట్యాంకును కౌగిలించుకుని నెట్టాయనకు పదకొండుసార్లు ఫోన్ చేశాను. ముప్పై అయిదేళ్ల మనిషి, మా వైపు ఇళ్లన్నిటికీ వైరు ఆయనదే. పన్నెండో ఫోన్‌కు వచ్చి, ఆకాశం చూసి, నేల చూసి, చివరికి మా కారును చూశాడు. కారు మీద సామాన్ల కెరియర్ ఉంది. దానికి ఒక ప్లాస్టిక్ పైపు నిలబెట్టి, వైరును వీధి స్తంభం నుంచి ఆ పైపుకు, పైపు నుంచి మా కిటికీకి లాగి కట్టాడు.

"రేపు పొద్దుగాలనే కొత్త పైపు పాతుత అన్నా. గీ ఒక్క రోజుకు బండికి కట్టిన. బండి యాడికి వోతది?"

"ఎక్కడికీ పోదు తమ్మీ," అన్నాను. ఆ బండి గురించి నేను ధీమాగా చెప్పిన ఒకే ఒక్క మాట అది.

సాయంత్రం బడి నుంచి వచ్చిన నా భార్య గేటు దగ్గరే నిలబడి పైకి చూసింది. "బండి కొన్నది నన్ను బడికి తోల్కవోనీకి. నెట్టుకు గుంజ చెయ్యనీకి గాదు," అంది. వీధివాళ్లేమో మేము ఏదో పార్టీ ప్రచార బండి తిప్పబోతున్నామని, ఇంకా జెండా ఖరారు కాలేదని అనుకున్నారు.

ఆ 'రేపు' దీపావళి దాటి, చలికాలం దాటి, ఎండల్లోకి వచ్చింది. విచిత్రమేమిటంటే, అంతకు ముందు రోజుకు మూడుసార్లు పోయే నెట్టు కారుకు కట్టాక ఒక్కసారీ పోలేదు. నేను రాసినవి రాసినట్టే వెళ్లిపోయాయి. రౌటరు మీది పచ్చ లైటును చూస్తూ కూర్చోవడమే ఒక సుఖమైపోయింది.

ఇక్కడ ఒక పాడు పని ఒప్పుకోవాలి. ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం చాచా ఫోన్ చేశాడు, పంపు దొరికిందని. నేను ట్యాంకు పక్కన నిలబడి, కింద కారును, కారు మీది పైపును, పైపు మీది వైరును చూశాను. "జర పనిలో ఉన్న చాచా, తర్వాత రా," అన్నాను. వారం తర్వాత మళ్లీ చేశాడు. మళ్లీ అదే చెప్పాను. ఆ నెలంతా ఆమె నాలుగున్నరకే లేచింది. నేను ఎనిమిదింటికి లేచి పచ్చ లైటు చూసుకున్నాను.

అంతలో టీచర్ల బదిలీలు వచ్చాయి. అవి ఏళ్లకేళ్లకు ఒకసారి వస్తాయి. ఎనిమిదేళ్లు నిండినవాళ్లు తమకు కావాల్సిన బడులను వరుసగా కంప్యూటర్లో పెట్టాలి. దాన్నే వెబ్ ఆప్షన్లు అంటారు. అన్నీ పెట్టి, చివర 'ఫ్రీజ్' అనే మీట నొక్కాలి. నొక్కనివాళ్లను అందరూ వద్దనుకున్న బడుల్లో ఎక్కడో ఒకచోట పడేస్తారు. నా భార్య నెల రోజులు బస్సుల వేళలు అడిగి తెలుసుకుని, అరవై బడుల పేర్లు ఒక రూళ్ల కాగితం మీద వరుసగా రాసుకుంది. మా పెళ్లికి ఆమె పుట్టింటివాళ్లు నా గురించి అందులో సగం విచారణ చేసి ఉంటే ఆమె నాకు దక్కేది కాదు.

రెండు రోజులు సైటు తెరుచుకోలేదు. రాష్ట్రంలోని టీచర్లంతా ఒకే తలుపు తోస్తున్నారు మరి. చివరి రోజు ఆమె సెలవు పెట్టింది. సాయంత్రం అయిదుకు బంద్. సైటు పావుగంటకోసారి ఆమెను బయటికి గెంటేది. మళ్లీ లోపలికి పోవాలంటే ఫోన్‌కు వచ్చే ఓటీపీ కావాలి. ఫోన్ ట్యాంకు దగ్గరే పలుకుతుంది. అంటే నేను డాబాకు ఉరకాలి, అంకెలు గట్టిగా అరవాలి, దిగాలి. ఆ రోజు నేను ఎక్కిన మెట్లన్నీ పేర్చితే గుట్ట పైనున్న దర్గా ఏడుసార్లు దర్శనమయ్యేది.

మూడున్నర దాటాక ఆమె నెమ్మదించింది. "నలభై అయినయి. ఇప్పుడు మంచిగ నడుస్తాంది. నువ్వు జర కదలకుండ కూసో," అంది.

కదలకుండా కూర్చోవడం నాకు తెలియని విద్య. గేటు దాకా నడిచాను. అక్కడ స్కూటర్ దిగుతూ చాచా.

"ఇటు దిక్కు పనివడి వచ్చిన సార్. పంపు దొరికి నెల దాటె, మీరేమో రానిస్తలేరు," అన్నాడు. ఆయన గొంతు ఇంజన్ల మధ్య పెరిగిన గొంతు. పక్క వీధికి కూడా వినిపిస్తుంది.

ఆ మాట కిటికీలోంచి లోపలికి పోతుందేమోనని నాకు చెమట పట్టింది. "మెల్లగా చాచా. పెట్టెయ్ పెట్టెయ్, తొందరగా పెట్టెయ్," అన్నాను. ఆయన పెట్టేశాడు. నెలల తరబడి నిలిచిపోయిన బండికి పదిహేను నిమిషాల పని.

"బ్యాటరీ సచ్చింది సార్. మీరు కూసోండ్రి, నేను ఎనకనుంచి నూకుత. మీద గా పైపేంది?"

"అది నెట్టు," అన్నాను, స్టీరింగ్ ముందు కూర్చుంటూ. అన్నాను గాని ఆ మాట నా చెవిలో పడలేదు. ఆయన నోరు మూయించాలన్న ఆత్రం తప్ప నా బుర్రలో ఏమీ లేదు.

చాచా తోశాడు. వాలులో బండి కదిలింది. నేను క్లచ్ వదిలాను. ఇంజన్ ఒకసారి దగ్గి, గర్జించింది. ముందు చక్రాల కింద రెండు చప్పుళ్లు, వెనక చక్రాల కింద రెండు చప్పుళ్లు. నాలుగు నిమ్మకాయలూ పగిలాయి. ఆహా అనుకునేలోగా అయిదో చప్పుడు వినిపించింది, నెత్తి మీద.

నా భార్య బయటికి వచ్చింది. ఒక చంకలో ల్యాప్‌టాప్, మరో చేతిలో రూళ్ల కాగితం. రెండు కొసలా తెగిన వైరు కారు వెనక తోకలా పడి ఉంది. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది. అరిస్తే బాగుండేది.

"తలుపు తియ్," అంది.

లోపలి నుంచి ఎడమ తలుపు తెరిచాను. చాచా వెనక సీట్లో దూరి, "సార్, ఇంజన్ మాత్రం ఆపకుండ్రి. ఆపితే మల్ల నూకుడే," అన్నాడు. నాలుగూ పది అయింది. సిగ్నల్ ఉన్న చోటికి పోయి, ఫోన్ నుంచి నెట్టు తీసుకుని పని ముగించాలని ఎత్తు. వైరు విప్పే తీరిక ఎవరికీ లేదు. ఎదురొచ్చిన ప్రతి మనిషీ "సార్ వైరు, సార్ వైరు" అని చెబుతూనే ఉన్నాడు. ఊళ్లో అంత మంది నా మేలు కోరేవాళ్లున్నారని ఆ రోజే తెలిసింది.

"టీచరమ్మా, నేనైతే నెల కిందనే..." అని చాచా వెనక నుంచి మొదలుపెట్టాడు. నేను హారన్ కొట్టబోయాను. హారన్ మోగాలంటే స్టీరింగ్ ఎడమకు తిప్పాలి. బండి ఒక పుచ్చకాయల బండి వైపు దూకింది.

"సక్కగ నడుపు," అంది నా భార్య, కాగితం మీంచి తల ఎత్తకుండా. "నాకు ఎర్కనే చాచా. నువ్వు ఫోన్ జేసిననాడు నేను ట్యాంకు అవతల బట్టలారేస్తున్న."

నెల రోజులు. పుచ్చకాయల బండిని తప్పించి అడిగాను. "మరి అడగలేదేం?"

"అడిగితే ఏం జేస్తుంటివి? దాని మీద ఒక నవ్వు రాత రాస్తుంటివి."

సిగ్నల్ వచ్చింది గాని సైటు రాలేదు. గుండ్రం తిరుగుతూనే ఉంది. నాలుగున్నరకు ఒక మోటర్ సైకిల్ మమ్మల్ని తరుముకుంటూ వచ్చింది. దాని మీద నెట్టాయన. "అన్నా, ఆపు. నా వైరు యాడికి గుంజుకపోతున్నవ్?"

"ఆపితే స్టార్ట్ గాదు తమ్మీ," అని నడుస్తూనే కిటికీలోంచి సంగతంతా చెప్పాను. ఆయన నా భార్య ఒళ్లోని ల్యాప్‌టాప్ చూశాడు, తన వైరు చూశాడు. తను ఎన్ని నెలల కిందట చెప్పిన 'రేపు' గుర్తొచ్చిందో ఏమో, ముఖం చిన్నబోయింది. "నా ఎనక రాండ్రి. నెట్టు మొదలయ్యే జాగకే పోదాం," అన్నాడు.

దేవరకొండ రోడ్డులో ఆయనకు రెండు గదుల ఆఫీసు ఉంది. నా భార్య, నెట్టాయన లోపలికి పరుగెత్తారు. చాచా కారు వెనక నిలబడ్డాడు, ఆగితే తోయడానికి సిద్ధంగా. నేను లోపలే కూర్చున్నాను. నా తలుపు బయటి నుంచి తప్ప తెరుచుకోదు, ఇంజన్ ఆపకూడదు, పెట్రోలు ముల్లు సగం చూపిస్తోంది, అంటే ఏమీ చూపించడం లేదు. వాచీ చూసుకున్నాను. మళ్లీ చూసుకుంటే ముల్లు వెనక్కి పోయినట్టనిపించింది. ఆ పది నిమిషాల్లో నేను ఆమె నాలుగున్నరకు లేవడాలన్నీ లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఒక ఏడాదికే ఆపేశాను.

అయిదుకు పది నిమిషాలుండగా ఆమె బయటికి వచ్చింది. "అయిందా?" అన్నాను.

"ముందు పోనియ్. పెట్రోలైపోతది," అంది. మూల తిరిగాక చెప్పింది. "అయింది. ఫ్రీజ్ గొట్టిన."

ఆమెకు నాలుగో ఆప్షన్ వచ్చింది, కట్టంగూర్. హైవే మీది ఊరు, ఒకటే బస్సు. పొద్దున నేనే కారులో దింపుతానన్నాను. అది లేచిన రోజు దింపుతున్నాను, లేవని రోజు కూడా ఆరింటికి లేచి తోస్తున్నాను. నెట్టాయన మర్నాడే ఇనుప పైపు తెచ్చి, బోరు లారీ కూడా వంచలేనంత లోతుగా పాతాడు. అప్పటి నుంచి నెట్టు మళ్లీ రోజుకు మూడుసార్లు పోతోంది.

తర్వాతి దసరాకు ఆమె మళ్లీ నాలుగు నిమ్మకాయలు పెట్టి, పక్కకు జరిగి నిలబడింది. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను.

"ముందుగాల మీదికి చూడు," అంది.

దిగాలంటే బయటి నుంచి తలుపు ఆమే తెరవాలి. తెరిచింది. దిగి, బండి చుట్టూ తిరిగి, కెరియర్ మీద చేత్తో తడిమి చూశాను. ఏమీ లేదు. మళ్లీ ఎక్కి పోనిచ్చాను. నాలుగు చప్పుళ్లు విన్నాను. అయిదోదాని కోసం వీధి చివరి దాకా ఊపిరి బిగబట్టుకునే నడిపాను.