అందరికీ ఎనిమిదేసి

లక్కడ్‌కోట్ బడిలో చదివి మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ ముందు కూర్చున్న మొదటి మనిషి అనంతరావు. లాల్‌పేట్‌లోని బొగ్గు రవాణా ఆఫీసులో ఆ యంత్రాన్ని నిలబెట్టింది ఆయనే. ఒక్క యంత్రం కడుపులో ఐదు శాఖలకు ఐదు లినక్స్ కాపురాలు పెట్టించిందీ ఆయనే. నాగపూర్ ఇంజనీర్లు వచ్చి ఆయన దగ్గర నేర్చుకుపోయారు. అడగకపోయినా ఈ సంగతి చెబుతాడు.

అలాంటి మనిషికి ఆ రోజు ఒళ్లు మండిపోయింది. లారీలను తూచే కాంటా శాఖ లినక్స్ మొరాయించింది. తూకం చీటీలు రాక బొగ్గు లారీలు గేటు నుంచి రోడ్డు దాకా ఆగాయి. డ్రైవర్ల తిట్లు కిటికీలోంచి వినబడుతున్నాయి.

ఒక్కో లినక్స్‌కు ఇన్ని ప్రాసెసర్లని పైపైన రాసివ్వాలి. వాటినే వర్చువల్ ప్రాసెసర్లంటారు. మిగతా శాఖలన్నిటికీ ఎనిమిదేసి ఉన్నాయని కాంటా పెద్ద అలిగితే, అనంతరావు నిన్న వాళ్లకూ నాలుగును ఎనిమిది చేశాడు. నేడు ఇలా అయింది.

"కింద అసలువి నాలుగే గద కాకా," అంది ఆయనతో కలిసి యంత్రాన్ని చూసే ప్రభావతి. "పైన నలభై రాసినవ్. నాలుగు కుర్చీలకు నలభై మంది కొట్లాడుతున్నరు. పనెట్ల నడుస్తది?"

"నాకు చెప్తున్నవా? నువ్వు పుట్టకముందే నేను యంత్రం నడిపిన."

"నడిపినవ్. గిప్పుడు ఆగింది."

"ఒకలకు ఎక్కువ, ఒకలకు తక్కువ ఇస్తే ఊకుంటరా? మాన్‌పాన్ అని ఒకటుంటది, ఎవలి మర్యాద వాళ్లకు."

"లగ్గంల వియ్యపోళ్లకు టోపీ, తువాలు పెట్టినట్టు ప్రాసెసర్లు పంచినవ్."

"ఇచ్చింది గుంజుకుంటే మొఖం మీద ఉమ్ముతరు."

"లారీలోళ్లు ఇప్పటికే ఉమ్ముతున్నరు."

ఆయన విసురుగా లేచి కిటికీలోంచి చూశాడు. ఓ డ్రైవరు కాంటా గుమాస్తా కాలర్ పట్టుకున్నాడు.

"అందరికీ రెండేసి ఉంచు. మిగిలినవి ఆపు. కాంటాతో మొదలుపెట్టు," అన్నాడు పళ్లు కొరుకుతూ.

ప్రభావతి లినక్స్‌ను ఆపకుండానే ఒక్కో ప్రాసెసర్‌నూ పక్కకు తప్పించింది. చీటీలు రావడం మొదలైంది. ముందున్న లారీ కదిలింది.

"నడుస్తున్నది కాకా."

"నాకు కండ్లున్నయ్."

ఆమె మిగతా శాఖలవీ తగ్గిస్తూ పోయింది. అంతలో అకౌంట్స్ పెద్ద అరవింద్ ఫోన్ చేశాడు. "మావి ఆరు తీసేసిన్రేంది కాకా? మాకు ఇజ్జత్ లేదా?"

"లేదు. నాలుగున్న యంత్రం మీద ఎనిమిది అడిగినోనికి లేదు, ఇచ్చిన నాకూ లేదు. పని ఆగితే చెప్పు, చూస్త. అలుగుడుంటే ఇంటికి పోయి అలుగు."

ఫోన్ పెట్టేసి, ఆ మాటే చెప్పడానికి తర్వాతి శాఖకు తానే కలిపాడు. గొంతు ఏమాత్రం తగ్గలేదు.