ఆవిరి గదిలో రెండు నిమిషాలు

ఆపరేషన్ థియేటర్ ముందు, పొద్దున పదింటికి, అందరూ చూస్తుండగానే సూపరింటెండెంట్, పెద్దమ్మ చేతిలోంచి తాళంచెవి లాక్కున్నాడు. ఇరవైనాలుగేళ్ళు ఆమె నడుముకు వేలాడిన తాళంచెవి అది. కత్తులు, కత్తెరలు, సూదులు ఆవిరిలో ఉడికించి శుద్ధి చేసే గదిది.

ఆమె చేసిన నేరం ఇదీ. యంత్రం ముల్లు ఎర్రగీతను తాకాక ఇరవై నిమిషాలు ఆగాలి. ట్రేకి అంటించిన పట్టీ మీద గీతలు నల్లబడాలి. ఆ పొద్దున ముల్లు మధ్యలో జారింది. రెండు గీతలు బూడిదరంగు దగ్గరే ఆగిపోయాయి. బల్ల మీద పలుకుబడి ఉన్న పేషెంటు, పక్కన పెద్ద డాక్టరు చిందులు. "రెండు గీతలే కదా, ఇచ్చెయ్!" అన్నాడు డాక్టరు. "మళ్ళీ పెట్టాలి సార్" అని పెద్దమ్మ తలుపుకి అడ్డంగా నిలబడింది. ఆ సాయంత్రమే, మాట వినని మనిషి అని కాగితం మీద రాసి ఆమెను లాండ్రీకి పంపేశారు.

మాట వినని మనిషి! ఆ ముక్క తలచుకున్నప్పుడల్లా ఆమె చెల్లెలి కొడుక్కి ఒళ్ళు మండిపోయేది. అంతగా మాట వినే మనిషిని అతను చూడలేదు మరి. వార్డుల్లో ఆమెకు గడియారమ్మ అని పేరు. పనిలో చేరిన రోజు ఆ గదిలో మోకాళ్ళూని, "నువ్వు పక్కన నిలబడి చూస్తున్నట్టే చేస్తాను ప్రభువా" అని మాటిచ్చిందట. "పెద్దమ్మా, నీ ప్రార్థనకి కూడా గంట మోగుతుందా?" అని అతను ఏడిపిస్తే, "మోగదురా, అందుకే నువ్వు మధ్యలో లేచిపోతావు" అనేది.

అతను జిరాక్స్ షాపులో టైపు చేస్తాడు. తూకానికి కొన్న పాత చట్టాల పుస్తకాలు చదివి, చదివినకొద్దీ లోకం మీద కసి పెంచుకున్నాడు. చర్చి మెట్ల దాకా వచ్చి బయటే నిలబడేవాడు. ఐదేళ్ళలో పెద్దమ్మ కోసం పదిహేడు అర్జీలు పెట్టాడు, అన్నీ తన పేరుతోనే. ఆమె రాయమననూ లేదు, వద్దననూ లేదు.

పదిహేడో అర్జీకి కొత్త సూపరింటెండెంట్ కరిగాడు. జరిగింది అన్యాయమేనని ఒప్పుకుని, ఆవిరి గదికి సూపర్‌వైజరుగా రమ్మని ఉత్తరం పంపాడు. రిటైరవడానికి ఇంకా మూడేళ్ళుంది. జతచేసిన వాఙ్మూలం మీద ఒక్క సంతకం పెడితే చాలు.

అతను ఆ కాగితం పట్టుకుని పరుగున వచ్చాడు. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. మూడో వాక్యం దగ్గర వేలు ఆగిపోయింది.

"ఇది ఎవరు రాశార్రా?"

అందులో ఇలా ఉంది: నా సర్వీసు మొత్తంలో ఏ ఒక్కసారీ సమయం నిండకుండా ట్రే బయటికి ఇవ్వలేదు.

"నా అర్జీలోదే. ఊపు కోసం రాశాను. వాళ్ళు అదే ఎత్తి రాసుకున్నారు. అయినా నిజమేగా?"

"కాదు నాన్నా. ఒకసారి ఇచ్చాను."

ఆమె కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుంది. "చేరిన రెండో ఏడు. మీ అమ్మకి నొప్పులొస్తున్నాయని కబురొచ్చింది. బిడ్డ అడ్డం తిరిగాడన్నారు. పద్దెనిమిదో నిమిషానికే తలుపు తీసేసి, ట్రే ఇచ్చేసి పరిగెత్తాను."

ఆ అడ్డం తిరిగిన బిడ్డ ఆమె ఒళ్ళోని కాగితం వైపే చూస్తూ అడిగాడు.

"ఎవరికైనా ఏమైనా అయిందా?"

"ఏమీ కాలేదు. వారం రోజులు ఆ పేషెంటు నుదురు ముట్టుకుని చూసొచ్చాను."

"మరింకేంటి! ఆ రెండు నిమిషాలు మీ దేవుడు ఇంకా పట్టుకు కూర్చున్నాడా?"

"లేదురా. ఒప్పుకున్నాను, క్షమించాడు. క్షమించాడు కదా అని జరగలేదని రాయమంటావా?"

"ఒక్క వాక్యమే కదా పెద్దమ్మా!"

"ఆ రోజు డాక్టరూ అదే అన్నాడు, రెండు గీతలే కదా అని."

అతను అరిచేశాడు. "ఐదేళ్ళు ఆ ఆఫీసు మెట్ల మీద నా చెప్పులరిగాయి. నువ్వు మీ దేవుడు చెప్పినట్టే విన్నావుగా, ఏమిచ్చాడు? ఆ డాక్టరుకి ప్రమోషనిచ్చాడు, నీకు మురికి దుప్పట్లిచ్చాడు!"

"అవి కూడా శుభ్రంగా ఉండాలిగా" అంది పెద్దమ్మ. కానీ ఆ గది అంటే ఆమెకు ప్రాణం. తాళంచెవి లేని నడుమును ఇప్పటికీ అప్పుడప్పుడు తడుముకునేది. కలం తీసుకుని, చాలాసేపు పట్టుకుని కూర్చుంది. తర్వాత మూడో వాక్యం కొట్టేసి, కింద గుండ్రటి అక్షరాలతో రాసింది: ఒకసారి పద్దెనిమిది నిమిషాలకే ఇచ్చాను. అది తప్పు. మళ్ళీ ఎప్పుడూ ఇవ్వలేదు.

ఆఫీసులో ఆ కాగితం చూసి తలలు పట్టుకున్నారు. తప్పు ఒప్పుకున్న మనిషిని సూపర్‌వైజరును ఎలా చేస్తామన్నారు. ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళింది. అతను ఎనిమిది నెలలు పెద్దమ్మ గడప తొక్కలేదు.

వేరే ఊళ్ళో ఒక వకీలు దగ్గర పని దొరికాక, బస్సెక్కే ముందు ఒక మధ్యాహ్నం లాండ్రీకి వెళ్ళాడు. మరో మూడు నెలలకే ఆమె నిద్రలో పోయింది. ఆ మధ్యాహ్నం అతనికి గీసినట్టు గుర్తుండిపోవడానికి అదీ ఒక కారణం.

అంటురోగాల వార్డు దుప్పట్లు బ్లీచింగ్ తొట్టిలో నానుతున్నాయి. పెద్దమ్మ మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని, వాటిని కర్రతో అదిమిపట్టి నిలబడింది. ఎదురుగా మేకుకి తాడుతో కట్టిన అలారం గడియారం. అరగంట నానాలని గోడ మీద రాసుంది. నానాయో లేదో చూసేందుకు ఆ గదికి ఎవరూ రారు.

"నా మీద కోపం లేదా?" అన్నాడు. "ఆ రెండు నిమిషాలు నా వల్లే పోయాయి కదా."

"నువ్వప్పటికి పుట్టనే లేదు, నీకంత పెత్తనమా?" అని నవ్వింది. "తలుపు తీసింది నేను."

అతను సంచీ భుజానికెత్తుకున్నాడు, మళ్ళీ కింద పెట్టాడు. చర్చి మెట్లు ఎక్కనివాడు, తల వంచుకుని, నేల చూస్తూ అన్నాడు: "పెద్దమ్మా, నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపు."

ఆమె కళ్ళు నిండిపోయాయి. కర్ర మీది చెయ్యి కొంచెం లేచింది. గడియారం వైపు చూసి, ఆ చెయ్యి మళ్ళీ కర్ర మీద పెట్టింది.

"ఇంకా రెండు నిమిషాలుంది నాన్నా. కూర్చో."