బాగున్నానని చెప్పి పోగొట్టుకున్న పింఛను

1976లో ఒక ఉదయం పుంగనూరులో మగ్గం గుంటలో కూర్చుని నేస్తుండగా నా ఎడమ పాదానికి తొక్కుడు చెక్క తగలడం మానేసింది. వంగి చూశాను. చెక్క అక్కడే ఉంది, పాదం దాని మీదే ఉంది. తొక్కుతున్నట్టు నాకు మాత్రం తెలియడం లేదు. చీర అంచులో పోగులు తప్పిన తరువాత గాని ఆ సంగతి గ్రహించలేదు. అప్పటికి ఆరు నెలలుగా నడుము నొప్పి ఉంది. మగ్గం పనివాళ్లలో నడుము నొప్పి లేనివాడెవడు? అందుకని ఎవరికీ చెప్పలేదు.

నా భార్య రత్నమ్మ కనిపెట్టింది. "ఏమయ్యా, ఎడమ కాలి చెప్పు యాడ ఇడ్సినావు?" అని అడిగింది ఒక సాయంత్రం. చెప్పు వీధిలో ఊడిపోయిందట. నేను ఒంటి చెప్పుతోనే ఇల్లు చేరాను.

నేను బడిలో చదివింది ఐదో తరగతి వరకే. మిగతా చదువంతా మా ఊరి గ్రంథాలయంలో, పని లేని పూటల్లో, బీరువా తరువాత బీరువాగా చదువుకున్నది. ఆ ధైర్యంతో వైద్య గ్రంథం ఒకటి తిరగేసి, ఇది వాతమని నేనే తేల్చుకున్నాను. రెండు నెలలు తైలాలు పట్టించుకున్నాను. మూడో నెలలో కుడి కాలు కూడా బరువెక్కింది.

మదనపల్లె దగ్గర ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి చూపించారు. "పాట్స్ స్పైన్. అంటే వెన్నుపూసకు పట్టిన టీబీ. రెండు పూసలు తినేసింది. ఇంకా ముందే రావలసింది" అన్నారు. టీబీ ఊపిరితిత్తులకే వస్తుందని నేను చదివి ఉన్నాను.

ప్లాస్టర్ బెడ్‌లో నెలల తరబడి వెల్లకిలా పడుకోబెట్టారు. రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్, ఐఎన్‌హెచ్ మాత్రలు. రెండో నెల చివర చెవుల్లో పగలూ రాత్రీ మగ్గం ఆడినట్టు మోత మొదలైంది, పడుకున్న మంచం తిరిగేది. ఇంజెక్షన్ ఆపి మందు మార్చారు. ఏడాది గడిచాక రెండు చేతికర్రలతో నాలుగడుగులు వేయించి డిశ్చార్జి రాశారు. "జబ్బు పోయింది. నరానికి తగిలిన దెబ్బ ఎంతవరకు తిరిగొస్తుందో చెప్పలేను" అన్నారు డాక్టరు. ఇంకేమీ తిరిగి రాలేదు.

నేను ఆసుపత్రిలో ఉండగానే రత్నమ్మ మా కూతురు సుజాతను చంకనేసుకుని కుప్పం వైపు, రామకుప్పం దగ్గర పుట్టింటికి వెళ్లిపోయింది. అక్కడ పట్టుపురుగుల షెడ్డులో ఆకు వేసే పని దొరికింది. నేను పుంగనూరులో మా అక్క ఇంటి వసారాలో ఉండిపోయాను. మగ్గం తొక్కలేనివాడు ఇల్లు ఎలా నడుపుతాడు? ఏడాదికి మూడు నాలుగుసార్లు వాళ్లు వచ్చిపోయేవారు. మిగతా రోజుల్లో నేను ఉత్తరాలు రాసేవాణ్ణి. రత్నమ్మకు చదువు రాదు, పోస్టుమాన్ చదివి వినిపించాలి. రాయాలనుకున్న మాటలు పరాయివాడి నోట వినిపించడం ఇష్టం లేక వానల గురించి, అక్క ఇంటి ఆవు గురించి రాసేవాణ్ణి. కుప్పం నుంచి పలమనేరు మీదుగా వచ్చే సాయంత్రం బస్సు హారను వినిపిస్తే, వాళ్లు రారని తెలిసినా, పుస్తకం మూసి వీధి వైపు చూసేవాణ్ణి.

1981లో గ్రంథాలయంలో పేపరు చదువుతుండగా వికలాంగులకు ప్రభుత్వం పింఛను ఇస్తుందన్న వార్త కనబడింది. అది వస్తే చిన్న ఇల్లు అద్దెకు తీసుకోవచ్చు, రత్నమ్మ, సుజాత వచ్చేయవచ్చు. నాకు కావలసింది అంతే. ఆ రోజే అర్జీ మొదలుపెట్టాను. నేర్చిన పెద్ద మాటలన్నీ పెట్టి నాలుగు పేజీలు రాశాను.

తాలూకా ఆఫీసు గుమాస్తా ఓపికగా చదివాడు. "బాగా రాసినావప్పా. హరికథ ఇన్నట్టుండాది. ఇందులో నీ కాళ్లు యాడుండాయి?" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. అతనికి భాష తెలియదనుకుని సరిపెట్టుకున్నాను.

మదనపల్లెలో మెడికల్ క్యాంపుకు పిలిచారు. అక్క తలంటి, ఇస్త్రీ పంచె కట్టించి, నొసట విభూతి పెట్టి పంపింది. పెద్దవాళ్ల ముందు కర్ర పట్టుకుని నిలబడకూడదని మా ఇళ్లలో చిన్నప్పటి నుంచి నేర్పుతారు. నా పేరు పిలవగానే చేతికర్రలు గోడకు ఆనించి, బల్ల అంచుకు తొడలు అదిమిపెట్టి, పళ్లు బిగబట్టి నిలబడి రెండు చేతులూ జోడించాను.

"ఎలా ఉన్నారు?" అన్నారు డాక్టరు, తల ఎత్తకుండా.

"బాగుండాను సార్, మీ దయ."

"నడుస్తారా?"

"మెల్లిగా నడుస్తాను సార్."

ఆయన రాసుకున్నారు. రెండు నెలల తరువాత గుమాస్తా నాకు కాగితం చదివి వినిపించాడు. ఊతం లేకుండా నిలబడగలడు, నడవగలడు. అర్హుడు కాడు.

"చేతికర్రలు యాల ఇడ్సిపెట్టినావు?"

"పెద్దాయన ముందర ఎట్ల పట్టుకునేది?"

"నువ్వు పోయింది పెండ్లిసూపులకా?" అన్నాడు. తరువాత కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "ఇంగొక తూరి పెట్టుకోవచ్చు. ఆసుపత్రి కేసు షీటు కాపీ తే. ఎక్స్‌రేలు తే. నీకు మందిచ్చిన డాక్టరుతో నీ కాళ్ల సంగతి రాయించుకో. నువ్వు ఏం సేయలేవో ఒగొగటీ రాయి. సదువు సూపించొద్దు."

రాయడానికి కూర్చుంటే చేయి సాగలేదు. చేయలేనివి తలుచుకోకుండా ఉండడమే నేను ఆ ఐదేళ్లుగా చేస్తూ వచ్చిన పని. మూడో రోజు మా బావ సాయంతో బస్సెక్కి రామకుప్పానికి, రత్నమ్మ దగ్గరికి వెళ్లాను.

రత్నమ్మ షెడ్డులో మల్బరీ ఆకు తరుగుతోంది. సుజాత వాళ్ల అమ్మమ్మ చాటు నుంచి నన్ను చూసి, "ఆయప్ప వచ్చినాడు" అంది, నాయన అనకుండా. సంగతంతా విని రత్నమ్మ కత్తి పక్కన పెట్టింది.

"రాసుకో, నేను సెప్తా. గోడ పట్టుకోకుండా లేవలేవు. గంటకు మించి కూసోలేవు. చెంబెడు నీళ్లు తెచ్చుకోలేవు, రెండు చేతుల్లోనూ కర్రలే గదా. దొడ్డికి పోతే మీ బావ లేపాల. కాల్లో ముల్లిరిగినా తెలీదు, నెత్తురు సూసి ఇంగొకరు సెప్పాల."

"నువ్వు ఈడ ఉండావు, నీకెట్ల తెలుసు ఇదంతా?"

"వచ్చినప్పుడంతా సూస్తాండాను గదా." సుజాత వైపు చూసి, "బిడ్డనెత్తుకోలేవు" అంది.

నా కలం ఆగింది. "అదీ రాయల్లనా?"

"రాయి. అబద్ధమా?" అని మళ్లీ కత్తి తీసుకుంది. ఆకు తరిగే చప్పుడు ముందుకన్నా వేగంగా వినిపించింది.

ఆసుపత్రిలో పాత డాక్టరే ఉన్నారు. డిశ్చార్జి చీటీలో తేదీ ఉండడంతో కేసు షీటు దొరికింది. పారాపరీసిస్, పర్మనెంట్, అంటే రెండు కాళ్ల బలం శాశ్వతంగా తగ్గిపోయిందని రాసి సంతకం చేశారు. మా జాబితాను కూడా చదివి, "దీన్ని నా లెటరుకు జతచేయండి. కేసు షీటులో ఇవి ఉండవు" అన్నారు.

రెండో క్యాంపుకు రత్నమ్మ వచ్చింది. ఈసారి నేను బెంచీ మీద నుంచి లేవలేదు. పెద్దవాళ్ల ముందు కూర్చుని ఉండడం, నిలబడడం కంటే కష్టమనిపించింది. వేరే డాక్టరు ఎలా ఉన్నారని అడిగితే నా నోటికి మళ్లీ అదే మాట వచ్చింది. "బాగలేడు సార్" అంది రత్నమ్మ నాకంటే ముందు.

ఆయన జాబితా చదువుతూ ఒకచోట ఆగారు. "పాప వయసెంత?"

"ఎనిమిదేండ్లు సార్."

"ఎనిమిదేళ్ల పిల్లను ఎత్తుకోవడమెందుకమ్మా?"

"ఆయప్ప పడిపోయిన పొద్దు ఏడాది బిడ్డ సార్."

ఆయన చాలాసేపు రాశారు.

1983లో పింఛను మంజూరైంది. ఆ వేసవి సెలవుల్లో రత్నమ్మ, సుజాత ఒక ట్రంకు పెట్టెతో బస్సు దిగారు. ఇప్పుడు వాళ్లు వచ్చి మూడేళ్లు దాటింది. రత్నమ్మ ఇంట్లోనే పట్టుదారం తోడుతుంది, నేను గంట కూర్చుని గంట పడుకుని కండెలు చుట్టి ఇస్తాను. సుజాత నన్ను నాయనా అని పిలవడానికి మొదటి ఏడాదంతా పట్టింది. ఇప్పటికీ ఏదైనా కావలసి వస్తే అమ్మనే అడుగుతుంది. నేను పక్కనే ఉంటాను, నన్ను అడుగుతుందేమోనని.

పింఛనుకు అర్జీ పెట్టుకునేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. తేదీ ఉన్న ఆసుపత్రి కాగితాలన్నీ దాచుకున్న తరువాత, మిమ్మల్ని దగ్గరగా చూసిన మనిషిని కూర్చోబెట్టుకోండి. మీరు ఏమేమి చేయలేరో వాళ్ల నోటితో చెప్పించి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. వినలేని మాట వచ్చినా మధ్యలో అడ్డుపడకండి. ఆ రోజు నేను అడ్డుపడి ఉంటే, రత్నమ్మ ఇంకా కుప్పం వైపే ఉండేది.